కాలి లెక్క

ఎకో టాండో హైలైఫ్ మీద నా తీర్పు
చెవి ఇచ్చింది కాదు.
టకోరాడి మార్కెట్ సర్కిల్ వెనక, నాలుగో వరసలో
నలభై ఆరేళ్లుగా కుట్టుమిషను పెడలు మీదున్న
ఈ కుడికాలు ఇచ్చింది.
పాట వస్తుంటే కాలు దానంతటది సాగాలి.
సాగకపోతే, ఎంత పేరున్న ఆల్బమైనా
నాకు బల్లకింది కత్తిరింపు ముక్క.

ముప్ఫై ఒక్క ఆల్బములు చేశాడు.
దాచుకున్నవి పంతొమ్మిది,
భరించినవి ఏడు,
మిగతా ఐదూ ఎవరైనా అడిగితే
దుమ్ము దులిపి ఇస్తాను, తిరిగివ్వక్కర్లేదు.

అందరూ మూడోదాన్ని ఎత్తుకుంటారు.
పెళ్లిళ్లలో మోగేదీ, బస్సుల్లో మోగేదీ,
బీరు ప్రకటనకు అమ్ముకున్నదీ అదే.
బాగుంది, కాదనను. మొదటి వైపు.
రెండో వైపు తిప్పి వినండి,
చేతులు కుట్టాక గుడ్డ చాలక
వీపుకు అతుకేసిన చొక్కా.

నా మాట వినేవాళ్లకు మొదటిది చెప్తాను.
రేవు పక్క గోదాము. రెండే మైకులు.
నాలుగో పాటలో, సరిగ్గా గిటారు ఊపిరి తీసుకునే చోట
ఓడ కూత పడింది.
డ్రమ్ముల మీదున్న కొబినా ఒక దెబ్బ ఆగి,
దాన్ని వెళ్లిపోనిచ్చి, మళ్లీ అందుకున్నాడు.
అక్కడ నా కాలు ఇప్పటికీ ఆగుతుంది.
ఈ ఊళ్లో కొన్ని చొక్కాలు తిరగేసి చూస్తే
ఒక కుట్టు కొంచెం పొడుగు.

పోయినేడు దాన్ని శుభ్రం చేసి సీడీ వేశారు.
ఓడను తీసేశారు.
సముద్రం ఉన్న పాటకు ఇస్త్రీ చేసి
సముద్రం లేని ఊరికి పంపారు.

హాంబర్గ్ ఆల్బము సంగతి మాత్రం
ఫీఫీ క్వాన్సా దగ్గర ఎత్తకండి.
అట్ట మీద టాండో, భుజాలకు దిండ్లు కుట్టిన కోటులో,
మంచులో నిలబడి చలికి బిగుసుకుని నవ్వుతుంటాడు.
లోపల డ్రమ్ముల పెట్టె. ప్లగ్గు పెడితే వాయిస్తుంది,
అలసిపోదు, ఆలస్యం కాదు, ఎవరికోసమూ ఆగదు.
నా మిషనూ ఆ మిషనూ మొదటిరోజే పోట్లాడుకున్నాయి.
సూది విరిగింది.
ఫీఫీ ఆ ఏడే ప్రేమలో పడ్డాడు,
ఆ పెట్టె దడదడ తన గుండెదే అనుకున్నాడు.
ఆ అమ్మాయి సెకొండి లారీ డ్రైవరును చేసుకుంది,
క్యాసెట్టు ఇతని దగ్గర ఉండిపోయింది.
ఇరవై ఏళ్లు వాదించుకున్నాం.
ఒక రాత్రి కరెంటు పోయి,
అయిపోతున్న బ్యాటరీల మీద నీరసంగా అది తిరుగుతుంటే
ఐదో పాటకు నా కాలు కదిలింది.
ఫీఫీ చూశాడు. ఏమీ అనలేదు.
స్నేహితుడంటే అలా ఉండాలి.

తరవాత దేవుడి ఆల్బములు. ఏడు.
ఒకే కొలతకు కుట్టిన ఏడు యూనిఫారాలు.
దేవుడు వినే ఉంటాడు, ఆయనకు ఓపికెక్కువ.

కొత్తది పోయిన నెల వచ్చింది.
నా దగ్గర పని నేర్చుకునే అబా ఫోనులో పెట్టి,
మధ్యలోంచి మొదలెట్టి, మధ్యలో ఆపి అంది:
"గొంతు పోయింది మాస్టారూ, ఇంక మానేయొచ్చుగా."
పోయిన మాట నిజమే. పై స్వరం దాకా వెళ్లి
గుమ్మం బయటే నిలబడిపోతున్నాడు,
పిలవని పెళ్లికి వచ్చినవాడిలా.
కానీ వెనక, డ్రమ్ముల మీద, కొబినా కొడుకు.
వాళ్ల నాన్న ఓడ కోసం ఆగినట్టే
ఒక దెబ్బ ఆగుతున్నాడు,
ముసలాయన వచ్చి అందుకునేదాకా.
అబాకి చెప్పలేదు.
తన కాలింకా పెడలుకు అలవాటు పడలేదు.

మొన్న మంగళవారం టాండో మేనల్లుడు సంచితో వచ్చాడు.
సంచిలో ఐదో ఆల్బము అట్ట మీది గోధుమరంగు కోటు.
కాలరు దగ్గరి మరక నాకు పాత పరిచయం.
"శనివారం కచేరీ. నడుము నాలుగంగుళాలు తగ్గించాలి."
నాలుగా, అన్నాను.
నాలుగు, అన్నాడు, సుద్దముక్క వైపు చూస్తూ.

ఇన్నేళ్లూ పోగేసిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి,
మూడోదాని రెండో వైపు, తీసేసిన ఓడ, ఆ పెట్టె.
గురువారం రమ్మన్నాను.

రాత్రి ఒక్కణ్ణే కూర్చుని కుట్టాను, పాట పెట్టలేదు.
నాలుగంగుళాలూ లోపలికి మడిచాను.
కత్తిరించలేదు.
మళ్లీ ఒళ్లు చేస్తే విప్పుకుంటాడని
గుడ్డంతా లోపలే ఉంచాను.